మాలిష్ ఎవరి విద్య, రిజిస్టర్ ఎవరిది?

ఉప్పల్, నాచారం బస్తీల్లో బాలింతకు ఒళ్లు పట్టి, పసిబిడ్డను కాళ్లమీదేసుకుని నూనె మర్దన చేసి నీళ్లు పోసే ఆడవాళ్లను ఏ చట్టమూ ఆరోగ్య వృత్తిదారులుగా గుర్తించలేదు. తెలంగాణ పల్లెల్లో మంగలి, దళిత ఆడవాళ్లు మంత్రసానులుగా తరతరాలుగా చేసిన పని ఇది. దీన్ని మైల పనన్నారు, విద్య అనలేదు.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టులకు రిజిస్టర్ ఇచ్చింది. మర్దన ప్రత్యేక వృత్తిగా ఆ జాబితాకెక్కలేదు. మసాజ్ సెంటర్‌కు కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు ఉంటుంది. అది గదిని చూస్తుంది, చేతిని కాదు. ఆపైన వచ్చేది పోలీసులే, 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం పట్టుకుని.

కెనడాలోని ఒంటారియోలో 1991 చట్టం ప్రకారం మసాజ్ థెరపిస్టుకు పరీక్ష, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. తప్పు జరిగితే ఫిర్యాదు చేసే చోటుంది.

నియంత్రణ మనకూ కావాలి. బాలింత పిక్క వాచి నొప్పెడుతుంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు పిసికితే గడ్డ ఊపిరితిత్తులకు పోయి ప్రాణమే పోవచ్చు. ఇది నేర్పాల్సిందే.

కానీ డిగ్రీ ఉన్నోళ్లకే రిజిస్టరంటే? 2005లో జనని సురక్ష యోజన ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించింది. తల్లులకది మేలే. మంత్రసానికి మాత్రం మరో బతుకుదారి చూపలేదు. మళ్లీ అట్లా కాకూడదు. పరీక్ష తెలుగులో, చేతిపని మీద పెట్టాలి. అనుభవాన్ని అర్హతగా లెక్కించాలి. నిబంధనలు రాసే కౌన్సిల్‌లో ఆ ఆడవాళ్లకు కుర్చీ ఉండాలి. మేమడిగేది ఇదే.