మీకు తెలుసా? పాటను చదివిన వెలుగు

పాతబస్తీ యాకుత్‌పురాలోని యాకుత్ మహల్ లాంటి సినిమా హాళ్లలో రీళ్లు తిరిగినన్నాళ్లూ పాటను చదివింది సూది కాదు, ఓ చిన్న బల్బు వెలుగు!

35 మి.మీ. ఫిల్మ్‌లో బొమ్మల పక్కనే 3 మి.మీ.కన్నా సన్నగా ఓ గీత సాగుతుంది. మాటలూ పాటలూ అందులో నలుపు తెలుపు అలలుగా అచ్చయి ఉంటాయి. వాటి గుండా దూసుకెళ్లిన వెలుగు హెచ్చుతగ్గులను ఫోటోసెల్ కరెంటుగా మారిస్తే, స్పీకరు ఆ కరెంటును గొంతుగా మారుస్తుంది. ఫిల్మ్ మీద దుమ్ము పడినా, గీటు పడినా, దాన్నీ శబ్దమనే అనుకుంటుంది పాపం ఆ యంత్రం. పాత ప్రింట్లలో వినిపించే చిటపటలు అవే. ఇంకో వింత: ప్రొజెక్టర్‌లో శబ్దాన్ని చదివే భాగం బొమ్మ పడే చోటుకు దిగువన ఉంటుంది. అందుకే ఏ బొమ్మకైనా దాని శబ్దాన్ని దాదాపు 20 ఫ్రేములు ముందుగా అచ్చువేసేవారు. 1932 నాటి మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కాలం నుంచి డిజిటల్ వచ్చేదాకా సినిమా హాళ్లలో నడిచింది ప్రధానంగా ఈ వెలుగు విద్యే.

ఇదే సూత్రంతో వాద్యాలూ పుట్టాయి. జర్మనీలో ఎడ్విన్ వెల్టె 1930ల్లోనే గాజు పళ్లేలతో ఆర్గన్ చేశాడు. బార్బీ బొమ్మల మాటెల్ కంపెనీ 1971లో ‘ఆప్టిగాన్’ తెచ్చింది. దాని 12 అంగుళాల పారదర్శక పళ్లెంలో 57 వలయాలు. 37 మెట్లకు తలా ఒకటి, మిగిలినవి తాళానికీ తోడు స్వరాలకూ. వలయానికి మొదలూ చివరా లేవు కాబట్టి, మెట్టు నొక్కిన క్షణాన పళ్లెం ఎక్కడుంటే స్వరం అక్కడి నుంచే అందుకుంటుంది.