ఇల్లాలికి వలపు తెలుపుట



భార్యపై గల ప్రేమను ఆమెతో చెప్పవలెనా యని యడిగినచో మన పల్లెపెద్దలు పలువురు నవ్వుదురు. నలువది యేండ్లు కాపురము చేసియు ఆమెను పేరుపెట్టి పిలువక, "ఏమే" యను పిలుపుతోనే దినములు గడుపువారు మనలో లేకపోలేదు. ప్రేమ లేక కాదు, చెప్పుటకు సిగ్గు. ఆ సిగ్గును గూర్చి నంద్యాలకు సంబంధించిన యొక కావ్యము మిక్కిలి సూక్ష్మముగా విచారించినది.

పింగళి సూరనార్యుడు 16వ శతాబ్దమున కళాపూర్ణోదయ మను 8 ఆశ్వాసముల కావ్యము రచించి నంద్యాల ప్రభువగు కృష్ణమరాజున కంకిత మొసగెను. అందు సుగాత్రీశాలీనుల కథ కలదు. శాలీను డనగా సిగ్గరి యని యర్థము. అతడు ఇల్లరికపుటల్లుడు. సుగాత్రి నగలు దాల్చి, పూలు ముడిచి పడకటింటికి వచ్చినను అతడు చేరదీయడు. అత్తకు కోపము వచ్చెను; అల్లుని పూలతోట పనికి పంపిరి. (ఇల్లరికపుటల్లుళ్ల పాటు ఆనాడును ఈనాడును ఒక్కటియే!) సుగాత్రి మాత్రము భర్తను నిందింపలేదు. ఒకనాడు పెనువాన కురియగా, తోటలో నున్న మగని కేమగునో యని తల్లడిల్లెను. పిమ్మట నగలు తీసివైచి, కొంగు బిగించి, తోటపనిలో అతనికి తోడుపడెను. పనిచేసి యలసిన యామెను చూచినప్పుడు శాలీనుని సిగ్గు కరగిపోయెను.

సహజసౌందర్యము మేలా, అలంకారము మేలా యను చర్చగా ఈ కథను గ్రహింపవచ్చును. నాకు అంతమాత్రమే యని తోచదు. నగలతో వచ్చిన సుగాత్రి తన కోరికను తెలిపినది. తోటకు వచ్చిన సుగాత్రి "నీ కష్టము నాది" యని తెలిపినది. సిగ్గరికి అర్థమైన భాష ఈ రెండవది.

ఇది కవికల్పన యందురేమో. నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలమునకు పోవుడు. అచ్చటి స్వామియే మరియొక నిదర్శనము. నరసింహుడు నల్లమలలోని చెంచుపడుచును వలచెనని ప్రసిద్ధి. జానపదులు చెప్పు కథలో, దేవుడని చెంచులు వెంటనే పిల్లనీయలేదు. తేనె తీయగలవా, గడ్డలు త్రవ్వగలవా యని యడిగిరి. వరము లిచ్చు స్వామికి అడవిపని నేర్వక తప్పలేదు! నేటికిని సంక్రాంతి పిమ్మట పారువేట బయలుదేరునపుడు చెంచులు పల్లకికెదురుగా విల్లెక్కుపెట్టుదురు. సుమారు 40 దినములు స్వామి 30కి పైగా గ్రామములు తిరిగి, ఫాల్గుణమున జరుగు తన పెండ్లికి రండని తానే పిలిచివచ్చును. కన్నెవారింటి పరీక్షకు నిలిచిన దేవుడు తన వలపును ఊరూర చాటుకొనుటకు సిగ్గుపడుట లేదు. ఆ పల్లకిని భుజమున మోసినవారు, ముంగిట ముగ్గుపెట్టించి హారతి యిచ్చినవారు మీలోనే పలువు రుందురు.

కావున మాట అక్కరలేదని నేననను. పని ముందు, మాట వెనుక రావలెనందును. పనిలేని మాట సుగాత్రి నగలవంటిది. మాటలేని పనియో, ఎంతకాలమైనను ఆమెకు సందేహము మిగుల్చును.

కాలువ క్రింద వరినాట్లు వేసి, నడుము పట్టుకొని వచ్చిన ఇల్లాలిని చూచి, ఒకనాడు మీరే లేచి వేడినీళ్లు కాచి యిండు. చెంబు చేతికిచ్చుచు "నీవు లేనిదే ఈ యిల్లు లేదు" అనుడు. ఆమె మొదట నవ్వును. ఒంటిలో బాగుగనే యున్నదా యని మీ నుదురు తాకి చూచినను చూచును. మరునాడును కాచి యిండు.