వంగిన రాడ్డు, తెగిన రాడ్డు

పావగడ పల్లెల్లో బోరు బండి ఆగిందంటే చుట్టూ చేరినవాళ్ళు లెక్కపెట్టేది రాడ్లను. ఒక్కోటి 20 అడుగులు. యాభయ్యో రాడ్డు దిగితే వెయ్యి అడుగులు. అప్పటికీ పైకి దుమ్మే లేస్తుంటే రైతు మాట్లాడడు, పక్కవాళ్ళూ మాట్లాడరు. ఆ మోతలో ఎవరికీ గుర్తురాని రాడ్లు ఇంకో ఆరు ఉంటాయి. బండి మీది కంప్రెసర్‌ను తిప్పే టర్బో డీజిల్ ఇంజను కడుపులో, నిమిషానికి 1,800 సార్లు ఎక్కి దిగే, పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు.

పావగడ పేరుకు కర్ణాటక, చుట్టూ దాదాపు ఆంధ్రే, ఇళ్ళల్లో తెలుగే. వాన తక్కువ, నీళ్ళు లోతు. అందుకే తమిళనాడు తిరుచెంగోడు నుంచి కూడా బోరు బండ్లు ఇంత దూరం వస్తాయి. ఇంజను పాడైతే ఏ రోడ్డు పక్క షెడ్డుకో చేరాల్సిందే. అలాంటి ఒక షెడ్డులో మేస్త్రీ రెండు రాడ్లు నా ముందు పెట్టాడు. ఒకటి వంగింది. ఇంకొకటి కింది కొస దగ్గర బోల్టు తెగి విడిపోయింది. ‘‘రెండూ ఒగటే జబ్బు కాదు సామీ’’ అన్నాడు.

తెగిన బోల్టు ముఖం చూడమన్నాడు. సగం నున్నగా, ఆల్చిప్ప మీది గీతల్లాంటి వలయాలతో ఉంది. మిగతా సగం విరిచిన బెల్లం ముక్కలా గరుకు. నున్నటి భాగం చాలాకాలంగా పాకుతూ వచ్చిన పగులు. గరుకుది ఆఖరి క్షణం. లోహం ఒక్క దెబ్బకు కాక, చిన్న లాగుళ్ళు లక్షలసార్లు పడి అలసి చస్తుందని 19వ శతాబ్దం మధ్యలో రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి చూపించినవాడు జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్.

రాడ్డు వయసు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ. ఇప్పటి టర్కీలోని హియరాపొలిస్‌లో 3వ శతాబ్దపు రాతి శవపేటిక మీద, నీటిచక్రంతో రాళ్ళు కోసే రంపపు యంత్రం చెక్కి ఉంది. అందులో క్రాంకూ (వంపు ఇరుసు) రాడ్డూ ఉన్నాయి. అక్కడ చక్రం రాడ్డును ఆడించింది. ఆవిరి యంత్రం వచ్చాక పని తిరగబడింది: రాడ్డే చక్రాన్ని తిప్పాలి. 1780లో పికార్డ్ అనే ఆయన క్రాంకుకు పేటెంటు తెచ్చుకుంటే, జేమ్స్ వాట్ దాన్ని తప్పించుకోవడానికి మరుసటి ఏడే పళ్ళచక్రాలతో వేరే ఏర్పాటు చేసుకున్నాడు. 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ, పొగతో తిరిగే టర్బైన్‌తోనే గాలిని ఇంజనులోకి కుక్కే ఆలోచనకు పేటెంటు పొందాడు. టర్బోకు మూలం అదే. రాడ్డు కష్టాలు పెరిగింది కూడా దానితోనే.

మేస్త్రీ అన్న రెండు జబ్బులకూ మూలం రాడ్డు మీద పడే రెండు బలాలు. మంట పిస్టన్‌ను తోస్తే రాడ్డు నలుగుతుంది. పొగ బయటికి పోయే వేళ పిస్టన్ పైకొసకు చేరి ఆగి వెనక్కి తిరగాలి. అప్పుడు ఆపడానికి పైన గాలి ఒత్తిడి కూడా ఉండదు, రాడ్డే పట్టి లాగాలి. తోపు టర్బోతో పెరుగుతుంది. లాగుడు టర్బోను పట్టించుకోదు, వేగాన్ని పట్టించుకుంటుంది: వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు.

బోరు బండి ఇంజను సిలిండరు 114 మి.మీ. వెడల్పనుకుందాం. 150 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో రాడ్డు మీద తోపు 15 టన్నుల పైనే. లాగుడు, పిస్టన్ సరంజామా మూడున్నర కిలోలున్నా, 1,800 తిరుగుళ్ళలో ఒక టన్ను చిల్లర. ఆ రాడ్డుకు కావలసింది నలగని మందం. ఇక కుర్రాళ్ళు టర్బో బిగించే పెట్రోలు కారు తీసుకోండి: 86 మి.మీ. స్ట్రోకు, అర కిలో పిస్టన్ సరంజామా. 7,000 తిరుగుళ్ళలో ఆ అర కిలో ఒకటిన్నర టన్నుల బరువై రాడ్డును లాగుతుంది. అదే 3,500 దగ్గర నాలుగు వందల కిలోలకు మించదు.

అందుకే ‘‘ఎన్ని హార్స్‌పవర్ తట్టుకుంటుంది?’’ అని అడిగి రాడ్డు కొనేవాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది. తక్కువ వేగంలో బూస్టు (టర్బో కుక్కే గాలి ఒత్తిడి) గట్టిగా ఇస్తావా, ఎక్కువ వేగంలో తిప్పుతావా అన్నది ముందు ప్రశ్న. మొదటిదైతే దిట్టమైన నడుము కావాలి. రెండోదైతే తేలికైన పిస్టన్, మేలైన బోల్టులు. రాడ్డు నడుము అడ్డకోత ఐ ఆకారమా, హెచ్ ఆకారమా అని కొట్టుకుంటారు గానీ, 4340 రకం ఉక్కును సరిగా సాగగొట్టి, వేడిచేసి చల్లార్చి, కొలతకు కోసి ఉంటే రెండూ పనిచేస్తాయి. మనవైపు లేత్ షాపుల్లో ఈఎన్ 24 అనే ఉక్కు దాదాపు అదే. 1990 నాటి హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ టైటానియం రాడ్లతో వచ్చింది. ఆ తేలిక అధిక వేగం కోసమే. నాకింగ్ (సిలిండరులో ఇంధనం వేళ తప్పి భళ్ళున అంటుకోవడం) మాత్రం ఏ ఉక్కునూ లెక్కచెయ్యదు. దానికి మందు రాడ్డులో లేదు, ట్యూనింగ్‌లో ఉంది.

మేస్త్రీ బిగింపు చూశాను. మంచి బోల్టు బిగించినప్పుడు స్ప్రింగులా మిల్లీమీటరులో పదోవంతు పైచిలుకు సాగాలి, విప్పితే పాత పొడవుకు రావాలి. విప్పిన ప్రతిదాన్నీ మైక్రోమీటరుతో కొలిచి గోడ మీది పాత లెక్కతో సరిచూశాడు. ఒకటి కొంచెం పొడవు తేలింది. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. డబ్బాలోకి విసిరేశాడు.