తిట్టిన కవిని దాచిన వారు

రాజులను పొగడిన కవుల కృతులకు ఆస్థానములలోని సరస్వతీ భాండాగారములును, దేవతలను కొనియాడిన వారి కృతులకు దేవాలయములును రక్షణ నొసగినవి. కాని రాజును, గురువును, అర్చకుని, పండితుని, ధనికుని, తుదకు తన పద్యము వినవచ్చిన వానిని గూడ ఎత్తిపొడువక విడువని అధిక్షేపకవికి ఆశ్రయమిచ్చు గడప యేది? జనుల నోళ్లలో నతడు కొంతకాలము నిలుచును, నిజమే; అయితే నోటి మాటకు ఆయుర్దాయము తక్కువ, మార్పు లెక్కువ. ఎవడో యొక అభిమాని, ఒక్కొక్కప్పుడు పరదేశీయుడు, చూచువారికి పిచ్చియని తోచునంతటి పట్టుదలతో పూనుకొని, ఆకు ఆకుగ, కాగితము కాగితముగ కూర్చి దాచినపుడే అట్టి కవి తరువాతి తరముల చేతికి చిక్కుచున్నాడు.

పాశ్చాత్య దేశములలో ఇందుకు తార్కాణముగ చెప్పదగినవాడు ఆస్ట్రియా రచయిత కార్ల్ క్రౌస్. 1874లో బొహీమియాలో పుట్టి వియన్నాలో పెరిగిన ఈతడు 1899లో ‘డీ ఫాకెల్’, అనగా కాగడా, అను పత్రికను స్థాపించి, కొన్నేండ్లకు ఇతరుల వ్రాతలను పూర్తిగ మానివేసి, అందలి ప్రతి పంక్తిని తానే వ్రాయుచు 1936లో మరణించు వరకు నడిపెను. పత్రికాధిపతుల అబద్ధములు, యుద్ధోన్మాదము, న్యాయస్థానముల కపటనీతి, వార్తాలేఖకులు భాషకు చేయు చేటు ఆతని కలమునకు లక్ష్యములు. 1938లో హిట్లరు సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించినపుడు, యూదుడుగ పుట్టిన ఈ అధిక్షేపకుని కాగితములకు వియన్నాలో నిలువ నీడ లేకపోగా, హెలెన్ కాన్ అను స్నేహితురాలు వానిలో ముఖ్యభాగమును స్విట్జర్లాండునకు తరలించెను. ఆతని న్యాయవాది ఆస్కర్ సామెక్, తాను నడపిన వ్యాజ్యముల దస్త్రములను వెంటగొని అమెరికాకు వలసపోయెను. ఆ దస్త్రములు పిదప వియన్నా నగర గ్రంథాలయమునకు చేరి, నాలుగు సంపుటములుగ అచ్చయినవి. భక్తకవి భాండారమున స్తోత్రములు దొరకును. అధిక్షేపకుని భాండారమున పరువునష్టపు దావాలు దొరకును! అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయమున చిత్రలేఖనము బోధించిన ఆల్బర్ట్ బ్లాక్ అను చిత్రకారుడు, వేల మైళ్ల దూరమున కూర్చుండి క్రౌస్ కవితలను ఇంగ్లీషులోనికి తెచ్చుటకు ఏండ్ల తరబడి శ్రమించెను. అభిమానమునకు దూరము అడ్డు కాదు కాబోలు.

అయితే క్రౌస్ అభిమానులకు ఒక సౌకర్యము కలదు. ఆతడు తన వ్రాతను తానే అచ్చు వేయించెను. కామా యొక్కటి తప్పిపోయినను ఓర్వని వాడని ప్రసిద్ధి. కనుక వారు చేయవలసినది ఉన్నదానిని కాపాడుటయే. మన వేమన అభిమానికి అట్టి భాగ్యము లేదు. వేమన తన పద్యమును తాటాకుపై స్వయముగ వ్రాసినట్లు నిదర్శనము లేదు. ఆతని కాలమెద్దియో పండితులలో ఏకాభిప్రాయము లేదు. రాయలసీమలో కదిరి ప్రాంతమున కటారుపల్లెలో ఆతని సమాధి యని చూపబడునది యొకటి తప్ప జీవితమునకు గట్టి ఆనవాళ్లు లేవు. పైగా ఆతడు ఎన్నుకొన్నది ఆటవెలది. చివరి పాదము మకుటము. మిగిలిన మూడు పాదములును కూర్చగల నేర్పున్న ఎవడైనను, తన మనసులోని కసిని వేమన పేర చెలామణి చేయవచ్చును. చేసిరి కూడ. దొంగ గురువులను, రాతిని మ్రొక్కి ప్రాణిని మరచు వారిని, తల గొరిగించుకొని తలపులు మాత్రము విడువని సన్యాసులను, కులగర్వులను, పిసినారులను దుయ్యబట్టిన ఈ కవిని ఛాందస పండితులు కావ్యకర్తల పంక్తిలో కూర్చుండనీయలేదు. బడిపిల్లలు, బైరాగులు, పల్లెవాసులు మాత్రము వదలిపెట్టలేదు. పండితుడు చేరదీయని కవికి పరిష్కర్త యుండడు. పరిష్కర్త లేని కవికి పాఠము స్థిరపడదు. ఇక్కడ అభిమాని కూర్చినంత మాత్రమున చాలదు. ఏది వేమనదో, ఏది కాదో తేల్చవలసియుండును.

ఆ భారము నెత్తికెత్తుకొన్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టిన ఈ ఆంగ్లేయుడు, 1817లో చెన్నపట్టణమునకు కుంఫిణీ కొలువునకై వచ్చి, 1820లో కడపలో ఉద్యోగమున చేరెను. అధికారులు దేశభాష నేర్చితీరవలెనని గట్టిగ నమ్మిన థామస్ మన్రో నాడు గవర్నరు. తెలుగు నేర్చుటకు బ్రౌన్ పడిన పాట్లలో ముఖ్యమైనది నిఘంటువు లేకపోవుటయు, పండితులు చూపిన కావ్యములు తాను కచేరీలో వినుచున్న భాషకు ఆమడ దూరమున నుండుటయు. అట్టి స్థితిలో 1824లో, ఫ్రెంచి మతాచార్యుడు దుబ్వా హిందువుల ఆచార వ్యవహారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన ప్రస్తావన ఆతని కంటబడెను. తెలుగుదేశమున నుండి, తెలుగు పండితుల నడుమ మెలగుచు, తెలుగు కవి పేరును ఒక ఫ్రెంచివాని పుస్తకమున చదివి తెలిసికొనవలసి వచ్చుట చూడగా, మన పండితులు ఆ కవిని ఎంత చక్కగ దాచిపెట్టిరో ఊహింపవచ్చును.

పిదప ఆతడు చేసిన పని నేటి పరిశోధకునకు ఆశ్చర్యము గొలుపకపోవచ్చును. నాటికి మాత్రము అపూర్వము. ఊరూర వేమన పద్యముల వ్రాతప్రతులను తెప్పించి, జీతములిచ్చి లేఖకులచే నకళ్లు వ్రాయించి, ప్రతికి ప్రతికి గల పాఠభేదములను పోల్చి, పద్యముల తొలి పదములకు అకారాది పట్టికలు తయారు చేయించెను. కడపలో బంగళా కొని, అందులో పండితులను చేర్చి పని చేయించుచుండగా, జనులు దానిని బ్రౌన్ కాలేజియని పిలుచుచుండిరి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, అయోధ్యాపురము కృష్ణమాచార్యులు మొదలగు వారు ఆతని యొద్ద శ్రమించినవారు. ఇందుకు సర్కారు ఖజానా తెరువలేదు. తన జీతమును, అది చాలనపుడు అప్పులను బ్రౌన్ వెచ్చించెను. 1829లో 693 పద్యములతో, ఇంగ్లీషు అనువాదముతో తొలి కూర్పు చెన్నపట్టణమున వెలువడెను. 1839 నాటి రెండవ కూర్పున పద్యముల సంఖ్య 1164కు పెరిగెను.

ఈ రెండు అంకెల నడుమ గల తేడాయే అసలు కథ. పదేండ్లలో వేమన మరల పుట్టి క్రొత్త పద్యములు చెప్పలేదు. క్రొత్త ప్రతులు చేతికి రాగా బ్రౌన్ చేర్చుకొన్న పద్యములివి. అనగా నేడు మనము వేమన యని పిలుచుచున్న కవి సగము జనుల నోట తయారైనవాడు, తక్కిన సగము ఈ దొరగారి వడపోతకు లోబడినవాడు. నీతి, మతము, అధిక్షేపము అని బ్రౌన్ పద్యములను వేరుచేసెను. కాని నీతి చెప్పుచునే ఎత్తిపొడుచుట, ఎత్తిపొడుచుచునే తత్త్వము లోనికి జారుట వేమన స్వభావము. ఆ గదులలో ఇమిడినకొలది కవి పదును కొంత తగ్గినదని నా అభిప్రాయము. కొన్ని పద్యముల అర్థమును ఇంగ్లీషునకు బదులు లాటినులో వ్రాసెను. ఇంగ్లీషు దొరసానుల కంట పడకూడని మోటుదనము వానిలో నుండినదని వేరుగ చెప్పనక్కరలేదు. అటులయ్యును బ్రౌన్‌ను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. లాటినులోనైనను వ్రాసెను గాని, చింపివేయలేదు. ఆయన తరువాత పాఠ్యపుస్తకముల కూర్పరులు నీతి పద్యములను మాత్రమే ఏరుకొని, వేమనను బడిలో కూర్చుండబెట్టి మంచి బాలుని చేసిరి. వెక్కిరించు వేమనను గుమ్మము దాటనీయలేదు.

బ్రౌన్ ఒక్క వేమనతో ఆగలేదు. నడుమ సీమకు పోయినపుడు, లండనులోని ఇండియా హౌసులో దుమ్ము పట్టియున్న 2,106 దక్షిణదేశ వ్రాతప్రతులను కనుగొని చెన్నపట్టణమునకు పంపు ఏర్పాటు చేయించెను. ఆతని సొంత సేకరణ చెన్నపట్టణ సాహిత్య సంఘమునకు, అటుపై ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరినది. మరియొక కుంఫిణీ ఉద్యోగి మెకంజీ సేకరణ ప్రక్కనే బ్రౌన్ సేకరణ అచ్చట నేటికిని కలదు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినది. లండనులో వార్ధక్యము గడపుచు, అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడుగ పనిచేసి, 1884లో మరణించెను.

కడప సంగతి అది; ఇక మన సిద్దిపేట సంగతి. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీకి అప్పగింపగా కడప ఆంగ్లేయుల ఏలుబడిలోనికి పోయినది, సిద్దిపేట సీమ నిజాము రాజ్యముననే మిగిలినది. కచేరీ భాష తెలుగు కాని రాజ్యమున, తెలుగు పద్యము కొరకు అప్పు చేయు కలెక్టరు పుట్టుట కష్టము. బ్రౌన్ వేమనను అచ్చు వేయించిన తరువాత నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1934లో, తెలంగాణమున కవులే లేరన్న మాటకు సమాధానముగ సురవరము ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరింపవలసి వచ్చెను. అదియు అభిమాని చేసిన పనియే. కాని అచ్చట లేఖిని పట్టిన కవులకే చోటు, నోటి పద్యములకు కాదు. సిద్దిపేట పల్లెలలో వేమన పద్యము కొరత యెన్నడును లేదు. చెరువు కట్టపైనను, మగ్గము గుంటలోనను, పంచాయితీ కొచ్చిన తగవులోను పెద్దలు ఆ పద్యమును తీర్పువలె వాడుకొనిరి. వేమనపై పరిశోధనకు పూనుకొన్న చేయి మాత్రము ఆలస్యముగ వచ్చినది.

ఆ చేయి పొరుగుననున్న భువనగిరి నుండి వచ్చుట సంతోషము. కవి ఎన్. గోపి గారు ఉస్మానియాలో పరిశోధన చేసి ‘ప్రజాకవి వేమన’ను వెలువరించి, అంతటితో తృప్తిపడక, పారిస్ జాతీయ గ్రంథాలయములోని వేమన వ్రాతప్రతిని తెప్పించి 1990లో ‘వేమన పద్యాలు – పారిస్ ప్రతి’ యని ప్రచురించిరి. ఈ ప్రతి ప్రాముఖ్యము నొక్కి చెప్పదగినది. 18వ శతాబ్ది పూర్వార్ధముననే ఫ్రెంచి మతాచార్యులు దక్షిణదేశమున వ్రాతప్రతులు సేకరించి తమ రాజు గ్రంథాలయమునకు పంపుచుండిరి. అటుల పోయిన వేమన, బ్రౌన్ చేతికి చిక్కిన వేమనకంటె దాదాపు నూరేండ్లు పాతవాడు, అనగా నోటినుండి నోటికి నూరేండ్లు తక్కువ నలిగినవాడు. ఒక పద్యము రెంటను కలదా, బ్రౌన్ ప్రతిలోనే కలదా యని చూచి, ప్రక్షిప్తమో కాదో కొంతవరకు తర్కించుటకు దీనివలన వీలు చిక్కినది. పారిసులో లేనంత మాత్రమున వేమనది కాదని తేల్చుటకును వీలులేదు. ఆ మతాచార్యునికి పద్యములు చెప్పినవానికి అన్నియు వచ్చియుండవు గదా.

ఇక ఒక విచిత్రము. వేమనను కూర్చిన బ్రౌన్‌నే కూర్చు అభిమానులు తెలుగుదేశమున పుట్టిరి. నెల్లూరు ‘జమీన్ రైతు’లో పత్రికారచన చేసిన బంగోరె, అనగా బండి గోపాలరెడ్డి గారు, తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున బ్రౌన్ కాగితములతో పనిచేయుచు, జి.ఎన్. రెడ్డి గారితో కలసి 1978లో బ్రౌన్ సాహిత్య ఆత్మకథను పరిష్కరించిరి. ‘వేమన – సి.పి. బ్రౌన్’ అను గ్రంథమును, బ్రౌన్ జాబుల సంపుటమును వెలువరించిరి. గురజాడ కన్యాశుల్కము తొలి కూర్పును వెదకి మరల అచ్చు వేయించినదియు ఈయనయే. అధిక్షేపకుల యెడ ఈయనకు గల మక్కువ యాదృచ్ఛికమని తోచదు. 1938లో పుట్టి 1982లోనే పోయిన ఈ మనిషికి ఆయువు చాలలేదు. కడపలో ఉపాధ్యాయుడైన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు, బ్రౌన్ బంగళా యుండిన స్థలముననే ఆయన పేర గ్రంథాలయము లేపుటకు ఇంటింట చందాలు కూర్చి, ఊరూర పుస్తకములు సేకరించిరి. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషా పరిశోధన కేంద్రము. పరీక్షకు చదువు విద్యార్థులు, తాటాకు ప్రతులను చూడవచ్చు పరిశోధకులు ఒకే కప్పు క్రింద కూర్చుందురు.

సిద్దిపేటలో ఇట్టి పనికి తగినవారు లేకపోలేదు. మంజీర రచయితల సంఘము నడిపిన ఊరు ఇది. గ్రామములలో డెబ్బది దాటిన పెద్దలు తమ తాతల నోట విన్న వేమన పద్యములను వారివారి యాసతోనే ఫోనులో రికార్డు చేసి, చెప్పినవారి ఊరును తేదీని ప్రక్కన వ్రాసి, బ్రౌన్ కూర్పుతోను పారిస్ ప్రతితోను పోల్చిచూడవచ్చును. బ్రౌన్‌కు లేఖకుల జీతములు కావలసివచ్చెను. ఇప్పుడు ఓపిక చాలును. ఒక్క షరతు: ముసలమ్మ చెప్పిన పద్యము మోటుగ నున్నదని సేకరించువాడు మాట మార్చరాదు.