జోవావ్ జిల్బెర్తో బొటనవేలు

తొడమీద ఆదితాళం వేయండి. దెబ్బకు రెండక్షరాల చొప్పున మొత్తం పదహారు. అందులో 'తకిట తకిట తకధిమి తకిట తకిట' ఇమిడిపోతుంది. ప్రతి ముక్కలో మొదటి అక్షరాన్ని నొక్కి పలకండి. ఆ ఐదు నొక్కుల్లో మూడు తాళంమీద పడతాయి, రెండు సందుల్లో పడతాయి. బ్రెజిల్ సంగీతశైలి బోసా నోవా అనగానే జాజ్ డ్రమ్మర్లు డ్రమ్ము అంచున పుల్ల ఆనించి కొట్టే నడక ఇదే. మృదంగం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఈ లెక్క నాకు తొందరగానే అందింది. అందులోని హాయి మాత్రం జోవావ్ జిల్బెర్తో గిటారు విన్నాకే తెలిసింది.

ఆయనది బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రం. 1950లలో రియో నగరంలో నిలదొక్కుకోలేక తోబుట్టువు ఇంటికి చేరాడు. అక్కడ స్నానాలగదిలో తలుపు వేసుకుని, గోడలు తిప్పికొట్టే తన శబ్దాన్నే వింటూ సాధన చేశాడు. బ్రెజిల్ వాళ్ల సాంబా నాట్యాల ఊరేగింపులో సుర్దు అనే పెద్ద డ్రమ్ము కాలం నడిపిస్తుంటే, తంబోరిం అనే చిన్న వాద్యం సందుల్లో పలుకుతుంది. ఆ మేళాన్నంతా ఆయన ఒక్క గిటారులోకి దించాడు; అదే బోసా నోవా గిటారు. బొటనవేలు సుర్దులా తప్పకుండా కాలం వేస్తుంది. మిగతా వేళ్లు పై తీగలను ఒక్కసారిగా మీటుతూ తంబోరిం పని చేస్తాయి. పైన గొంతు, పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినంత నెమ్మదిగా. 1958లో టామ్ జోబిమ్ స్వరపరిచిన 'షేగా జి సౌదాజి' ఆయన గొంతులో రికార్డయింది.

అమెరికన్ గిటారిస్టు చార్లీ బర్డ్ 1961లో బ్రెజిల్ వెళ్లి ఈ సంగీతం విన్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని ఒక చర్చిలో శాక్సఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్స్‌తో కలిసి 'జాజ్ సాంబా' రికార్డు చేశాడు. 1963లో గెట్స్, జిల్బెర్తో న్యూయార్క్‌లో కలిసి చేసిన ఆల్బమ్‌కి 1965లో గ్రామీ వచ్చింది.

జాజ్‌కి దీనివల్ల కలిగిన మార్పు చిన్నది కాదు. జాజ్‌కి అలవాటైన స్వింగ్ నడకలో దెబ్బను రెండుగా విడదీస్తే మొదటి సగం సాగుతుంది, రెండోది కుదించుకుంటుంది. బోసా నోవాలో రెండూ సమానం. స్వింగ్‌లో గుక్కతిప్పుకోకుండా అడుగులేసే బేస్ ఇక్కడ ఎక్కువగా రెండు స్వరాల మధ్యే నిలకడగా ఊగుతుంది. అలా దొరికిన ఖాళీలో గెట్స్ శాక్సఫోన్ తొందరపడకుండా ఊపిరి తీసుకుంది. జోబిమ్ పాటలు 'దెసఫినాదో', 'వేవ్' జాజ్ వాళ్ల సొంత పాటలైపోయాయి. ట్రంపెట్ వాద్యకారుడు కెన్నీ డోరమ్ రాసిన 'బ్లూ బోసా' 1963లో శాక్సఫోన్ విద్వాంసుడు జో హెండర్సన్ ఆల్బమ్‌లో వచ్చింది. ఇప్పుడు జాజ్ నేర్చుకునేవాళ్లు మొదట్లోనే పట్టుకునే పాటల్లో అదొకటి. ఇటలీ గాయకుడు బ్రూనో మార్తీనో పాట 'ఎస్తాతే' కథ ఇంకా గొప్పది. 1977లో జిల్బెర్తో 'అమొరోజో' ఆల్బమ్‌లో పాడాక అది జాజ్ లోకమంతా తిరిగింది. 1982లో పియానిస్టు మిషెల్ పెత్రూచియాని ఏకంగా తన ఆల్బమ్‌కే ఆ పేరు పెట్టుకున్నాడు.

హోటల్ లాబీల్లో వినిపించే మెత్తదనమే బోసా నోవా అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఐదు నొక్కుల లెక్కను యంత్రంలా తిప్పితే బోసా నోవా కాదు. జిల్బెర్తో గొంతు గిటారుకంటే ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకబడుతుంది; బొటనవేలు వేసే కాలం మాత్రం చెదరదు. ఎంత కఠిన సాధన ఉంటే ఆ నెమ్మది వస్తుందో లయ తెలిసినవాళ్లు ఇట్టే గుర్తిస్తారు. 'అమొరోజో'లోనే అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ 1927 నాటి పాట 'స్ వండర్‌ఫుల్' ఉంది. ముందు అది వినండి, ఆ తర్వాత 'ఎస్తాతే' వినండి.