ముసురులో అన్నం పెట్టే పెరడు

వానాకాలం పోయి చలికాలం వచ్చే మధ్య రోజులు, అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు, కూలి చేసుకునే ఇళ్లకు గడ్డుకాలం. ముసురు పడితే పని ఉండదు. చేతిలో డబ్బు లేక సంతకు పోవడమూ కుదరదు. అలాంటి రోజుల్లో మా పొయ్యి మీద కూర ఉడికిందంటే అది అమ్మ పెరట్లో పెంచిన చిక్కుడు పాదు పుణ్యమే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మాది. అమ్మ చేసే పనులకు కారణాలు మాకు పుస్తకాలు చదివాకే తెలిశాయి. ఆ నాలుగు మాటలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలని ఈ వ్యాసం.

పందిరి చిక్కుడును తొలకరిలో విత్తుకోవాలి. శ్రావణంలో ఆకు దట్టంగా ఉంటుంది గాని పూత కనపడదు. ఒక ఏడాది ‘ఇది గొడ్డుపాదు’ అనుకొని మేము పీకబోతే అమ్మ ఆపింది. పగటి సమయం తగ్గుతున్నప్పుడే నాటు చిక్కుడు పూతకు వస్తుందని తర్వాత చదువుకున్నాం. ఆ కార్తీకంలో అదే పాదు మమ్మల్ని ఆదుకుంది.

వంగ, టమాట నారును పల్లంలో పోయకూడదు. నీరు నిలిస్తే మొక్క మొదలు మెత్తబడి పడిపోతుంది. దీనినే నారుకుళ్లు తెగులు అంటారు. ఆరంగుళాల ఎత్తు మడి కట్టి, చుట్టూ కాలువ తీసి, విత్తనం పలచగా చల్లాలి. పెద్దవానకు తాటాకు కప్పి, వెలిసిన వెంటనే తీసేయాలి.

తోటకూర, పాలకూర, మెంతికూర సుమారు నెలకు కోతకొస్తాయి. ఒకేసారి కాకుండా వారానికొక వరుస చల్లుకుంటే కూర తెగకుండా ఉంటుంది.

ఇక పురుగుల సంగతి. వంగలో వాలిపోయిన కొమ్మ చివరలను తుంచి కాల్చేయాలి, లోపల పురుగు ఉంటుంది. బీర, కాకరలో పండు ఈగ పొడిచిన కాయలను పాదు కింద వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై వస్తుంది. అందుకే వాటిని ఏరి లోతుగా పాతిపెట్టాలి. పేనుబంకకు 50 గ్రాముల వేపపప్పు పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లాలి. వాన కడిగేస్తే మళ్లీ చల్లాలి.

మా అమ్మ కూలికి పోతుందని చెప్పడానికి ఇదే హాస్టల్లో ఒకప్పుడు సిగ్గుపడ్డాం. ఇప్పుడు ఆమె దగ్గరే పాఠం నేర్చుకుంటున్నాం. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మతో కలిసి ఒక మడి కట్టండి. బియ్యం కడిగిన నీళ్లు దానికి పోయండి. చదువుతో పాటు ఆ మట్టిని కూడా మరచిపోవద్దు.