పల్లీ పలుకు, పసివాడి ఊపిరి

గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో బంతి, చామంతి గుట్టల పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఏడాదిన్నర పిల్లాడు పల్లీలు తింటున్నాడనుకోండి. దవడపళ్లు ఇంకా సరిగా రాలేదు. ఎవరో నవ్వించారు, పలుకు కాస్తా ఊపిరి దారిలోకి పోయింది. దగ్గి దగ్గి ఊరుకున్నాడు. తగ్గిపోయిందిలే అని ఇంట్లోవాళ్లూ ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే. పలుకు లోపల తేమకు ఉబ్బుతుంది, దాని నూనెకు చుట్టూ పొర వాస్తుంది.

దాన్ని తీయాలంటే పిల్లాడికి మత్తిచ్చి, బ్రాంకోస్కోప్ అనే సన్నటి ఉక్కు గొట్టాన్ని గొంతులోంచి దించాలి. మామూలు ఆపరేషన్లో శ్వాసనాళం మత్తు డాక్టరు అధీనంలో ఉంటుంది. ఇక్కడ సర్జన్ పనిచేసేదీ అందులోనే. అందుకే ఆ గొట్టానికి పక్కన చిన్న కొమ్మలాంటి దారి పెట్టారు, ఆక్సిజన్ దాన్లోంచే వెళ్తుంది. పట్టకారు కోసం పైమూత తీస్తే కొంత గాలి బయటికి పోతుంది.

పసివాళ్లకు లెక్క మరీ కటువు. 4 మిల్లీమీటర్ల నాళం చుట్టూ 1 మిల్లీమీటరు వాస్తే మిగిలే దారి 2. గాలికి అడ్డు 16 రెట్లవుతుంది. అంతే వాపు 8 మిల్లీమీటర్ల నాళంలో వస్తే మూడు రెట్ల పైచిలుకే. పైగా కిలో బరువుకు పిల్లలు పెద్దలకు దాదాపు రెట్టింపు ఆక్సిజన్ వాడతారు. ఊపిరి అందకపోతే రక్తంలో ఆక్సిజన్‌ను చూపే మానిటర్ కూత స్వరం చూస్తుండగానే దిగిపోతుంది.

మరి పిల్లాణ్ని తన ఊపిరి తనే తీసుకోనివ్వాలా, కండరాలు సడలించి మనమే గాలి కొట్టాలా? రెండో పద్ధతిలో కదలడు, దగ్గడు. కానీ ఆ ఒత్తిడికి పలుకు ఇంకా లోపలికి పోవచ్చు. డాక్టర్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మత్తులో ఊపిరి గురించిన పంచాయితీ హైదరాబాద్‌కు పాతదే. ఆరో నిజాం ఆదరణతో 1888, 1889లలో ఇక్కడ క్లోరోఫాం అనే మత్తుమందుపై కమిషన్లు జరిగాయి. వాటిని నడిపిన ఎడ్వర్డ్ లారీ మాట ఒకటే: నాడిని కాదు, ఊపిరిని చూడండి. క్లోరోఫాం నేరుగా గుండెనూ ఆపగలదని తర్వాత తేలింది, ఆ మేరకు ఆయన పొరబడ్డాడు. అయినా ఈ ఆపరేషన్లో మాత్రం మత్తు డాక్టరు చూపు ఆ చిన్న ఛాతీ మీంచి కదలదు.

అసలు గండం చివర్లో ఉంది. పెద్ద పలుకైతే గొట్టంలోంచి రాదు, పట్టకారు, గొట్టం, పలుకు మూడూ కలిపి ఒకేసారి లాగాలి. స్వరపేటిక దగ్గర జారిందో, ప్రధాన నాళమే మూసుకుపోతుంది. పట్టకారుకు అందక బయటికి రాకపోతే, పలుకును మళ్లీ ఒక ఊపిరితిత్తి వైపు నెట్టేస్తారు, రెండోదైనా గాలి పీలుస్తుందని. బయటికొచ్చాక కూడా గొట్టం మరోసారి దించి చూస్తారు. పల్లీకి రెండు బద్దలుంటాయి కదా.